తలుపుల మిషన్లు కొనబోతున్న రవికి

చిరంజీవి రవికి పెదనాన్న దీవించి రాస్తున్నది.

షెడ్డుకి రేకులు వేయించేశానని, ఇక మిషన్లకి అడ్వాన్స్ ఇవ్వడమే మిగిలిందని ఫోన్లో చెప్పావు. చాలా సంతోషం. కానీ నీ లిస్టులో మొదటి పేరు సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్‌తో బొమ్మలు చెక్కే మిషన్, అని విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సీఎన్‌సీ తలుపు మీద నెమలిని చెక్కుతుంది, వినాయకుణ్ణి చెక్కుతుంది. వంకర చెక్కని తిన్నగా చేయడం దాని పని కాదు. మన దగ్గరికి తిరిగొచ్చే తలుపులు ఎందుకొస్తాయో నీకూ తెలుసు. వానలకి ఉబ్బి పట్టేసిందంటారు, పైమూల బయటికొచ్చి గడియ పడటం లేదంటారు. ఆ జబ్బు ఆరని చెక్కలో, చదును చేసే మిషన్ దగ్గర, కుసి (ఇంకో చెక్కలోకి దూర్చే మొన) కోసే చోట పుడుతుంది. నీ డబ్బు ముందు అక్కడ పెట్టు. చెక్కుడు పని వస్తే సీఎన్‌సీ ఉన్నవాళ్ల దగ్గర కూలికి చేయించుకోవచ్చు.

మొదట కొనాల్సింది సర్ఫేస్ ప్లానర్, అంటే చెక్కని తిన్నగా చదును చేసే మిషన్. నేను మొదట్లో తక్కువకి వస్తోందని అన్నీ ఒకదాంట్లోనే ఉండే కాంబినేషన్ మిషన్ కొన్నాను. దాని బల్ల మూడున్నర అడుగులు. తలుపు నిలువు చెక్క ఏడడుగులు. ఎన్నిసార్లు తోసినా ఆ వంపు అలాగే ఉండేది. చూసీ చూడనట్టు బిగించేశాను. ఒకే ఇంటికి ఇచ్చిన ఆరు తలుపుల్లో నాలుగు మెలి తిరిగాయి. టేకు మళ్లీ నా డబ్బుతో కొని చేసిచ్చాను. ఆ ఇంటాయన ఒక్క మాట అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బల్ల ఎంత పొడుగ్గా ఉంటే పొడుగు చెక్కని అంత నమ్మకంగా తిన్నగా చేయొచ్చు. మన ఏడడుగులకి 5 అడుగుల బల్ల కనీసం ఉండాలి, 6 అయితే నిశ్చింత. వెడల్పు 12 అంగుళాలు చాలు. షోరూంలో రంగు చూసి మురిసిపోకు. రెండు పొడుగు చెక్కలు తీసుకెళ్లి, వాటి అంచులు ఆ మిషన్ మీదే తీయించి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడు. మధ్యలో సందు కనబడితే ఆ బల్ల మనకి వద్దు.

దాని వెంటనే థిక్‌నెసర్, అంటే చెక్కంతా ఒకే మందానికి తెచ్చే మిషన్. అదొక్కటే ఉంటే చాలదా అని అడుగుతావేమో. దాని రోలర్లు వంగిన చెక్కని నొక్కిపట్టి లోపలికి లాగుతాయి, బయటికి రాగానే చెక్క మళ్లీ వంగుతుంది. ముందు ప్లానర్ మీద ఒక ముఖం తిన్నగా తీస్తేనే రెండో ముఖం దానికి సమానంగా వస్తుంది.

గుమ్మాల కమ్ములకి కుసి దూరే గాళ్లు తొలిచే చైన్ మోర్టైజర్ తీసుకో, చేత్తో తొలిచే టైమంతా మిగులుతుంది.

ఇక బ్లేడ్లు. మిషన్ మీద పెట్టిన శ్రద్ధ వీటి మీద పెట్టరు చాలామంది. టేకులో సిలికా ఉంటుంది, ఇసుకలా పదునుని తినేస్తుంది. మామూలు స్టీలు బ్లేడు త్వరగా మొద్దుబారి చెక్కని కాలుస్తుంది, అందుకే కార్బైడ్ పళ్లవి కొను. 12 అంగుళాల చక్రంలో నిలువు కోతకి 36 పళ్లది, అడ్డకోతకి 72 పళ్లది విడివిడిగా ఉంచుకో. ఒకటి పదునుకి వెళ్తే పని ఆగకుండా రెండేసి ఉంటే మేలు. పదును పెట్టేవాడు దగ్గర్లో ఉన్నాడో లేడో ముందే కనుక్కో. అంచులకి డిజైన్ తీసే స్పిండిల్ కట్టర్ మీద ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) దాకా తిప్పొచ్చో రాసి ఉంటుంది, దాన్ని ఎప్పుడూ దాటకు.

రంపం వెనక నిలబడే చీలిక రేకుని అడ్డమని పీకేస్తారు కుర్రాళ్లు. అది లేకపోతే కోసిన చెక్క మూసుకుని బ్లేడుని పట్టేసి, నీ కడుపు మీదికే ఎగిరొస్తుంది. చేతికి గ్లౌజులు, మెడలో కండువా వేసుకుని మిషన్ దగ్గరికి ఎవర్నీ రానీయకు. ఇంకో సంగతి, లైన్‌మన్ వచ్చి త్రీ ఫేజ్ లైను బాగుచేసి వెళ్లిన ప్రతిసారీ మోటారు ఎటు తిరుగుతోందో చూసుకో. రెండు ఫేజులు తారుమారైతే వెనక్కి తిరుగుతుంది, కట్టర్ నట్టు ఊడొచ్చు.

చెక్క కొనేటప్పుడు తేమ మీటరు జేబులో ఉండాలి. 12 శాతం దగ్గరికి రాని చెక్కని ముట్టుకోకు, కొట్టు ఆయన ఎంత ఆరిందని ఒట్టేసినా సరే. బ్యాండ్ సా (పట్టీలా తిరిగే రంపం మిషన్) జోలికి వెళ్లేముందు అటవీ శాఖ ఆఫీసులో లైసెన్సు సంగతి అడిగిరా.

డబ్బుకి టెన్షన్ పడి బయట వడ్డీకి తేవద్దు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులున్నారు. టూల్‌కిట్‌కి 15,000 రూపాయలు, అప్పుగా మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల దాకా 5 శాతం వడ్డీకి ఇస్తారు. దానికి అర్హత ఉందో లేదో మీసేవలోనో సచివాలయంలోనో కనుక్కో.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు. ఏడడుగుల చెక్కలు రెండు సిద్ధంగా పెట్టు, ఆ ప్లానర్ సంగతి ఇద్దరం వెళ్లి చూద్దాం.

మీ పెదనాన్న