అల్లుడికి మావయ్య రాసేది: ముల్లుతో ట్రిగ్గర్ కట్టేటప్పుడు

మండపేట

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కంప్యూటర్లో విమానం నడిపే డీసీఎస్ ఆటకి నువ్వు తయారుచేసి పంపిన మిషన్ రాత్రి భోజనాలయ్యాక పెట్టాను. బటూమి ఎయిర్‌పోర్టు రన్‌వే మీద మస్టాంగ్ అనే పాత యుద్ధ విమానంలో కూర్చున్నానో లేదో, ఇంజిన్ ఇంకా తిప్పనేలేదు, "ఆయిల్ ప్రెషర్ పడిపోయింది, వెంటనే దిగండి" అని రేడియోలో గోల. ఎక్కడికి దిగమంటావురా, నేల మీదే ఉన్నాను కదా! మీ అత్త ఒకటే నవ్వు.

డయల్లో ముల్లుని చూసి ట్రిగ్గర్ కట్టాలన్న, అంటే "ఇలా అయితే అలా చెయ్యి" అని మిషన్‌కి చెప్పాలన్న నీ ఆలోచన మాత్రం నాకు నచ్చింది. టైమర్ పెట్టి పదో నిమిషంలో ఇంజిన్ చెడగొట్టడం ఎవడైనా చేస్తాడు. పైలట్ కళ్ళెదుట ఉన్న ముల్లుని బట్టి కథ నడిపితే, అది వాడు చేసిన పనికి జవాబులా ఉంటుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నీ తప్పు చిన్నదే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ సున్నాయే కదా. "50 కంటే తక్కువ" అన్న నీ కండిషన్ మొదటి సెకన్లోనే నిజమైపోయింది. ముందు ముల్లు బాగున్నట్టు మిషన్‌కి తెలియాలి. దానికి ఫ్లాగ్‌లు వాడు, అవి మిషన్ గుర్తుపెట్టుకునే ఆన్-ఆఫ్ మీటలు. ముల్లు 60 దాటితే ఫ్లాగ్ 1 ఆన్, కిందికొస్తే ఆఫ్. ఈ రెంటినీ స్విచ్డ్ కండిషన్‌గా, అంటే కండిషన్ కొత్తగా నిజమైన ప్రతిసారీ పనిచేసేలా పెట్టు. ఫ్లాగ్ 1 ఆన్ అయి పది సెకన్లు గడిస్తే ఫ్లాగ్ 2 ఆన్. దాన్ని మళ్ళీ ఆపకు. ప్రెషర్ తగ్గిన కండిషన్ పక్కన ఫ్లాగ్ 2 కూడా ఉండాలని పెడితే, ఇంజిన్ ఒకసారి సరిగ్గా నడిచాకే నీ రేడియో నోరు విప్పుతుంది.

తగ్గిన వెంటనే కూడా అరిపించకు. మస్టాంగ్‌ని తలకిందులుగా పది సెకన్లకు మించి ఎగరనివ్వరు, ఆయిల్ ప్రెషర్ నిలవదని. సరదాకి ఒక పల్టీ కొట్టినవాడికి ముల్లు కాస్త జారిందని ఇంజిన్ పోయినట్టు చెబితే ఎలా? కింద కూడా ఐదారు సెకన్లు నిలిచిందో లేదో చూడు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా. నీళ్ళు ఆ గీత దగ్గరే అంగుళం పైకీ కిందకీ ఆడుతుంటే గంటకోసారి ఇచ్చి, గంటకోసారి తీసేస్తే లంకల్లో వాళ్ళు సామాను సర్దుకుంటూనే ఉండాలి. నువ్వూ హెచ్చరిక 50కి ఇస్తే, 60 దాటాకే వెనక్కి తీసుకో.

ఇక అంకెల సంగతి. ముల్లు ఫలానా రెండు అంకెల మధ్య ఉందా అని చూసే "కాక్‌పిట్ ఆర్గ్యుమెంట్ ఇన్ రేంజ్" అన్న కండిషన్ పౌండ్లూ అడుగులూ ఎరగదు. ముల్లు ఎంత తిరిగిందో అదే దాని లెక్క, చాలావాటికి 0 నుంచి 1. సున్నా నుంచి 200 దాకా గీతలు సమంగా ఉన్న డయల్ అయితే 50 అంటే 0.25. స్పీడు మీటరులా గీతలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటే ఈ లెక్క పనిచేయదు. ఏ ముల్లుని చూడాలో కండిషన్‌కి నంబరుతో చెప్పాలి. ఆ నంబర్లు ఆ విమానం ఫోల్డర్లో మెయిన్‌ప్యానెల్ ఇనిట్ అనే లూవా ఫైల్లో దొరుకుతాయి. నేనైతే అక్కడితో ఆగను. 0.2 నుంచి 0.3కి ఒక మెసేజి, 0.3 నుంచి 0.4కి ఇంకోటి పెట్టి, ఎగురుతూ ఏది ఎప్పుడొస్తుందో కాగితం మీద రాసుకుంటాను. మస్టాంగ్‌లో ఒకే డయల్లో ఆయిల్ వేడి, ఆయిల్ ప్రెషర్, పెట్రోలు ప్రెషర్ మూడూ ఉంటాయి. నేను ఒక సాయంత్రమంతా పెట్రోలు ముల్లుకి కాపలా కాశాను.

ఎత్తు చూపించే ఆల్టిమీటర్ ఇంకా గడుసుది. పెద్ద ముల్లు వెయ్యి అడుగులకో చుట్టు తిరుగుతుంది. అది 0.5 దగ్గరుంటే 500 అడుగులు కావచ్చు, 1500 కావచ్చు, 2500 కావచ్చు. వేల ముల్లుని కూడా జత చెయ్యాలి. రేంజ్ మరీ ఇరుకుగా పెట్టినా కష్టమే. 0.48 నుంచి 0.52 అంటే నలభై అడుగులు. నిమిషానికి ఆరు వేల అడుగులు దిగేవాడు సెకనుకి వంద అడుగులు జారతాడు. ట్రిగ్గర్లు సెకనుకోసారి చూసుకునేసరికి వాడు ఆ గీత దాటి వెళ్ళిపోతాడు.

మిల్లులో ఉన్నప్పటి మాట ఒకటి చెప్పాలి. ఉప్పుడు బియ్యం బాయిలరు మీద ప్రెషరు ముల్లు పొద్దుటి నుంచీ ఏడు మీదే ఉంది. ఎంత నిలకడో అనుకున్నాను. ఒక్కసారిగా సేఫ్టీ వాల్వు ఊదింది. పెద్దాయన వచ్చి గాజు మీద వేలితో టకటకా కొడితే అప్పుడు కదిలింది ముల్లు. ఆ రోజు తిన్న తిట్లు నీకు రాయను.

ముల్లు చెప్పేది ఒకటి, నిజం ఇంకొకటి. నీ మిషన్లో అసలు మజా అక్కడే ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పటిలా వాతావరణంలో ప్రెషరు 1003 మిల్లీబార్లు పెట్టు. పైలట్ ఆ అంకెకి ఆల్టిమీటర్‌ని తిప్పుకోకుండా మామూలు 1013 మీదే వదిలేశాడనుకో, ముల్లు 1000 అడుగులు చూపిస్తుంటే విమానం నిజంగా 700 పైచిలుకులో ఉంటుంది. ముల్లుకో కండిషన్, విమానం అసలు ఎత్తుకో కండిషన్ పెట్టి రెండూ కలిపితే, తేడా దొరికిన క్షణాన టవర్ చేత "ఆల్టిమీటర్ సరిచూసుకోండి" అనిపించొచ్చు. సరిచేసుకున్నవాడికి ఆ మాట వినపడదు. మబ్బులు కాస్త కిందికి దించితే టెన్షన్ దానంతటదే వస్తుంది.

ఇవన్నీ ఒంటరిగా ఎగిరే మిషన్లకే వాడు. నలుగురు కలిసి ఆడేదానికి మామూలు ఎత్తు, దూరం కండిషన్లే మేలు.

సరిచేసి పంపు, శనివారం మళ్ళీ ఎగరేస్తాను. పండక్కి వచ్చేటప్పుడు నీ జాయ్‌స్టిక్ తెచ్చుకో. మా ఇంట్లోది వదిలేసినా ఎడమకే లాగుతోంది.

మీ మావయ్య