మా అబ్బాయి బేస్ గిటారే బతుకుదెరువు అంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఎ-లెవెల్స్‌లో (మన ఇంటర్ లాంటిది) గణితం, భౌతికశాస్త్రం, సంగీతం చదువుతున్నాడు. వాడిని కంప్యూటర్ సైన్స్, ఏఐ కలిసిన డిగ్రీలో చేర్చాలని మా ఆలోచన. వాడేమో ప్రైవేటు కాలేజీలో పాపులర్ మ్యూజిక్ డిగ్రీ చేసి, బ్లూస్ రాక్ బ్యాండ్లలో బేస్ గిటార్ (మంద్రస్వరాల గిటార్) వాయిస్తానంటున్నాడు. పోనీ పాడతాడా అంటే అదీ లేదు, వెనక నిలబడి వాయించడమే. పైగా 900 పౌండ్లు పెట్టి ఐదు తీగల బేస్ కొనమంటున్నాడు. రెండు కోర్సులనూ పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకు ఏటా వస్తుంది. వాయిద్యం మారుతుంది, ఊరు మారుతుంది. అందరూ పోలికే అడుగుతారు గానీ, అక్షరాల వెనక ఉండే ప్రశ్న వేరు: పిల్లవాడు చెడిపోతాడేమో, నలుగురిలో ఏమని చెప్పుకోవాలి? ముందు దానికి జవాబు చెప్పి, ఆ తర్వాత కోర్సుల సంగతి చూద్దాం.

మీ ఊరి కథతోనే మొదలుపెడతాను. ఆగస్టు చివర్లో ఊరంతా కుర్రకారుతో నింపేసే రెడింగ్ ఫెస్టివల్ ఒకప్పుడు జాజ్, బ్లూస్ ఉత్సవం. 1971లో మీ ఊరు చేరేలోపు అది చాలా చోట్ల జరిగింది. 1967లో మీ పక్కనే ఉన్న విండ్సర్‌లో జరిగినప్పుడు, ఆగస్టు 13న, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే కొత్త బ్యాండ్ తొలిసారి వేదికెక్కింది. డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ పేరుకు బేస్ వాయించే జాన్ మెక్‌వీ పేరులోని ముక్క కలిపి ఆ పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఆ రోజు మెక్‌వీ ఆ బ్యాండ్‌లో లేనే లేరు! అప్పటికే పేరున్న బ్లూస్ సంగీతకారుడు జాన్ మేయల్ బ్యాండ్‌లో నికరంగా వచ్చే జీతం వదులుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. బ్యాండ్ పెట్టిన పీటర్ గ్రీన్ ఎప్పటికైనా ఆయన వస్తారని నమ్మి పేరు ముందే ఖాయం చేసేశారు. ఆయన రాగానే తప్పుకోవాలన్న షరతు మీద బాబ్ బ్రన్నింగ్ అనే యువకుడిని తీసుకున్నారు. కొద్ది వారాలకే మెక్‌వీ వచ్చారు, బ్రన్నింగ్ మాట ప్రకారం తప్పుకున్నారు.

చూశారా, జీతం గురించి బెంగ మీ ఒక్కరిదే కాదు. ఈలింగ్‌లో పుట్టిన మెక్‌వీ 1963లో మేయల్ దగ్గర చేరేనాటికి పన్నుల శాఖలో శిక్షణలో ఉన్న ఇన్‌స్పెక్టర్. కొన్ని నెలలు పగలు ఆఫీసు, రాత్రి క్లబ్బు. బ్లూస్ అంటే ఏమిటో అప్పటికి పెద్దగా తెలియదు. అమెరికా బ్లూస్ దిగ్గజాలు బీబీ కింగ్, విల్లీ డిక్సన్‌ల రికార్డులు చేతిలో పెట్టి వినమన్నది మేయలే. ఆ మేయల్ కూడా ఆర్ట్ కాలేజీలో చదివి గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసిన మనిషి. ఇంగ్లండ్‌లో ఈ సంగీతాన్ని నిలబెట్టిన వాళ్లలో పగటి ఉద్యోగం చేసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. ‘సంగీతమా, జీతమా’ అని మీ ఇంట్లో జరుగుతున్న యుద్ధం వాళ్లకు వింతగా తోచేది.

మరి బ్రన్నింగ్ ఏమయ్యారు? ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లి లండన్‌లో దాదాపు మూడు దశాబ్దాలు పిల్లలకు పాఠాలు చెప్పారు, ప్రధానోపాధ్యాయుడయ్యారు. బ్లూస్ బ్యాండ్లు నడపడం మానలేదు. బ్రిటిష్ బ్లూస్ మీద పుస్తకాలు రాశారు. 2011లో కన్నుమూశారు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ తొలి ఆల్బంలో ఒక పాటకు బేస్ వాయించింది ఆయనే. మెక్‌వీ వాయించిన 1977 నాటి ‘రూమర్స్’ నాలుగు కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. మీవాడు మెక్‌వీ కాలేడన్నది మీ దిగులు. బ్రన్నింగ్ అయితే మీకొచ్చిన కష్టమేమిటి? హెడ్మాస్టరు తండ్రినని చెప్పుకోవడానికి నామోషీయా?

‘వెనక నిలబడి వాయించడమే’ అన్న మాట నాకు నచ్చలేదు, కోపం తెచ్చుకోకుండా వినండి. సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాడి వైపు ఎవరూ చూడరు, అతను ఆపితే మాత్రం సన్నాయి దారి తప్పుతుంది. బేస్ కూడా అలాంటిదే, పైగా తాళం బరువులో సగం దాని మీదే ఉంటుంది. ‘రూమర్స్’లో ‘ద చైన్’ అనే పాట ఉంది. చివరికొచ్చేసరికి పాటంతా సద్దుమణిగి, మెక్‌వీ బేస్ ఒక్కటే కొద్దిపాటి స్వరాలతో దిగుతూ వస్తుంది, దాని వెనక మిగతా వాళ్లందరూ విరుచుకుపడతారు. 1978 నుంచి ఏళ్ల తరబడి బీబీసీ తన ఫార్ములా వన్ ప్రసారాలకు ఆ ముక్కనే వాడుకుంది. కారు పందేలు చూసే అలవాటుంటే మీరూ వినే ఉంటారు, ఎవరు వాయించారని అడిగి ఉండరు.

డబ్బు కిటుకు కూడా అక్కడే ఉంది. ఆ ఆల్బంలో అయిదుగురి పేర్లూ రచయితలుగా ఉన్న పాట అదొక్కటే. పాట రాసినవారికి వచ్చే రాయల్టీ వేరు, వాయించినవారికి వచ్చేది వేరు. బ్రిటన్‌లో మొదటిదాన్ని పీఆర్ఎస్, రెండోదాన్ని పీపీఎల్ అనే సంస్థలు వసూలు చేసి పంచుతాయి. ఆండీ ఫ్రేజర్ పదిహేనేళ్లకే మేయల్ బ్యాండ్‌లో బేస్ వాయించారు, ఆ తర్వాత ‘ఫ్రీ’ బ్యాండ్‌లో పాల్ రాడ్జర్స్‌తో కలిసి 1970లో ‘ఆల్ రైట్ నౌ’ రాశారు. ఆ బ్యాండ్ ఎన్నాళ్లో నిలవలేదు, రేడియోల్లో ఆ పాట మాత్రం ఇంకా మోగుతూనే ఉంది. కాబట్టి మీవాడిని రోజుకు ఎన్ని గంటలు సాధన చేస్తున్నావని మాత్రమే అడగకండి, పాటలేమైనా కడుతున్నావా అని కూడా అడగండి.

ఇక చెడిపోవడం సంగతి. దాచను. మెక్‌వీని తాగుడు వల్ల మేయల్ ఒకటికి రెండుసార్లు బయటికి పంపారు. 1987లో మూర్ఛ వచ్చాక గానీ ఆయన మద్యం మానలేదు. ‘క్రీమ్’ బ్యాండ్‌లో బేస్ వాయించి పాడిన జాక్ బ్రూస్‌కు 2003లో కాలేయ మార్పిడి జరిగింది, 2014లో కాలేయ జబ్బుతోనే పోయారు. ఈ ప్రమాదం వాయిద్యంలో లేదు, రాత్రి వేళల్లో ఉంది, ఊళ్లు తిరగడంలో ఉంది, ఇంటికి ఫోన్ చేసి నిజం చెప్పలేని పరిస్థితిలో ఉంది. చివరిదాన్ని సరిచేయడం మీ చేతుల్లోనే ఉంది. ఇంట్లో ఈ మాటెత్తితేనే గొడవ అయ్యేట్టుంటే, రేపు కష్టమొచ్చినప్పుడు ఎవరికి చెప్పుకుంటాడు?

అసలు నా అనుమానం మీవాడు ఎంచుకున్న కోర్సు మీద. పాపులర్ మ్యూజిక్ డిగ్రీ ఇప్పుడు మంచి ఫ్యాషన్. మెరిసే బ్రోచర్లు, స్టూడియోలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నవ్వే పిల్లలు. ఇంగ్లండ్‌లో ఏడాదికి ఫీజు 9,500 పౌండ్లకు పైనే. చదువు కోసం ప్రభుత్వం ఇచ్చే అప్పు గురించి మరీ బెంబేలెత్తకండి: ఇప్పుడు చేరుతున్న స్థానిక విద్యార్థులు ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన ఆదాయం మీద మాత్రమే 9 శాతం కడతారు, 40 ఏళ్లకు మిగిలింది రద్దవుతుంది. నా బెంగ ఆ మూడేళ్ల గురించి. బ్లూస్ బేస్ తరగతి గదిలో కొంతవరకే వస్తుంది. మామూలు బ్లూస్ పాట చట్రమంతా పన్నెండు బార్లు (తాళం ఆవృత్తాలు), మూడు కార్డులు (కలిపి పలికే స్వరాల గుంపులు). ఆ స్వరాలు నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. డ్రమ్మర్ కుడికాలితో మోగించే పెద్ద డ్రమ్ముతో కలిసి నడవడానికి, గిటారిస్టు రెచ్చిపోయినప్పుడు తాను వేగం పెంచకుండా ఉండటానికి ఏళ్లు పడుతుంది, అదీ జనం ముందు వాయిస్తేనే. జాక్ బ్రూస్ స్కాట్లండ్‌లోని సంగీత అకాడమీలో చెల్లో చదివారు. జాజ్ వాయించడం అక్కడివాళ్లకు నచ్చక, చదువు మధ్యలోనే బయటపడ్డారు. అలాగని చదువు మానేయమని మీవాడికి ఈ పేరా చూపించకండి, బ్రూస్‌కు అక్కడ నేర్చిన శాస్త్రం జన్మంతా పనికొచ్చింది.

కాలేజీ ఓపెన్ డేకి (చేరాలనుకునేవాళ్లకు కాలేజీ చూపించే రోజు) వెళ్లినప్పుడు స్టూడియో గోడలు చూసి మురిసిపోకుండా మూడు విషయాలు అడగండి. వారానికి ఒక్కడికే కూర్చోబెట్టి నేర్పే గంటలెన్ని? నొటేషన్ (రాసి ఉన్న స్వరలిపి) చూసి వాయించడం ఖచ్చితంగా నేర్పుతారా? కిందటేడు బయటికెళ్లిన బేస్ విద్యార్థులు ఇప్పుడేం చేస్తున్నారు? మూడోదానికి ఒక ప్రముఖుడి పేరు చెప్పి ఊరుకుంటే లేచి వచ్చేయండి. 2023లో మ్యూజిషియన్స్ యూనియన్, హెల్ప్ మ్యూజిషియన్స్ అనే బ్రిటన్ సంగీతకారుల సంస్థలు కలిసి చేసిన సర్వేలో సంగీతం మీద సగటు ఆదాయం ఏడాదికి 20,700 పౌండ్లని తేలింది. సగానికి పైగా మంది సంగీతేతర పని కూడా చేసుకుంటున్నారు. పైగా బ్రెగ్జిట్ పుణ్యమా అని 2021 నుంచి యూరప్‌లో కచేరీలకు ఒక్కో దేశానిదీ ఒక్కో నిబంధన.

మీ ఇద్దరికీ తట్టని దారి ఒకటుంది. గణితం, భౌతికశాస్త్రం, సంగీతం మూడూ చేతిలో ఉన్న పిల్లవాడికి గిల్డ్‌ఫర్డ్‌లోని సర్రే యూనివర్సిటీ టాన్‌మైస్టర్ కోర్సు ఎందుకు గుర్తు రాలేదు? సంగీతం, ధ్వని ముద్రణ, ఇంజినీరింగ్ కలిపి నేర్పుతారు, పరిశ్రమలో ఏడాది శిక్షణ ఉంటుంది. రెడింగ్‌కు దగ్గర కూడా. సౌతాంప్టన్, సాల్ఫర్డ్ యూనివర్సిటీల్లో ధ్వనిశాస్త్రం ఉంది. ఇవేవీ నచ్చకపోతే లీడ్స్, మాంచెస్టర్, బ్రిస్టల్ లాంటి నగరంలో తనకు నచ్చిన డిగ్రీ చదువుతూ బ్యాండ్‌లో వాయించుకోవచ్చు.

మీరు చెప్పిన ఏఐ డిగ్రీ మంచిదే, ఇష్టంగా చదివేవాడికి. ఏడుస్తూ చేరినవాడు రెండో ఏడాదికి ఎలా ఉంటాడో నేను చాలా ఇళ్లలో చూశాను.

చివరగా ఆ ఐదు తీగల బేస్. కొనకండి. ఈ బాణీ దాదాపు అంతా నాలుగు తీగల మీదే పుట్టింది. ఆ 900 పౌండ్లతో డ్రైవింగ్ నేర్పించండి. ఎవరికో జ్వరమొచ్చి, బదులు వాయించడానికి ఈ సాయంత్రమే స్విండన్ రాగలవా అని ఫోన్ వస్తే, అంత బరువు ఆంప్లిఫయర్‌తో ఆఖరి రైలు పట్టుకోవడం కష్టం. కారున్నవాడికే ముందు ఫోన్ చేస్తారు.