ముందు నోట, తర్వాతే చేత

చిన్నపిల్లలకు తాళం, వాద్యాలు నేర్పడంపై ఈ నెల వచ్చిన ఉత్తరాలకు మా సంగీత విభాగం జవాబులు.

ప్రశ్న: మా బాబుకి నాలుగున్నరేళ్లు. గిన్నెలు బోర్లించి గరిటెతో వాయిస్తూనే ఉంటాడు. ఇప్పుడే మృదంగం క్లాసులో చేర్చవచ్చా?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

జవాబు: క్లాసుకి ఇంకో రెండు మూడేళ్లు ఆగండి. గిన్నెలు మాత్రం లాక్కోకండి. మృదంగం పనసచెక్కతో చేసిన బరువైన వాద్యం. హెచ్చు శృతికి వాడే 22 అంగుళాలది కూడా ఈ వయసు పిల్లాడికి పెద్దదే. రెండు వైపులా చేతులు అందాలంటే భుజాలు ఎగరేసి, నడుం వంచి కూర్చుంటాడు. ఆ కూర్చునే తీరు అలవాటైపోతే పదేళ్లకి సరిదిద్దడం గురువుకి పెద్ద పని. పైగా కుడివైపు ‘నం’ అనే దెబ్బ పలకాలంటే ఉంగరపు వేలు చర్మం మీద ఆనించి ఉంచి, చూపుడు వేలు ఒక్కదానితో అంచు మీద కొట్టాలి. ఒక వేలు కదిలి ఇంకోటి కదలకుండా ఉండడం చిన్నపిల్లలకి చాలా కష్టం.

ఇప్పుడు చేయించాల్సింది నోటి పని. ‘తకధిమి’ అంటూ అక్షరానికో అడుగు చొప్పున హాల్లో నడిపించండి. అది కుదిరాక ‘త’ మీద మాత్రమే చప్పట్లు కొట్టించి, మిగతా మూడూ నోట అనిపించండి. ఆ తర్వాత నోరు మూసుకుని, లోపల అనుకుంటూ చప్పట్లు మాత్రమే. అసలు పరీక్ష ఇక్కడే. మాట వినపడకపోయేసరికి మధ్యలోని ఖాళీ కుంచించుకుపోయి చప్పట్లు ముందుకి జరిగిపోతాయి. అలా జరిగితే కోప్పడకండి, మళ్లీ నోటితో అనిపించండి.

‘తకిట’కి వచ్చేసరికి నడకలో తడబడతాడు, కంగారుపడకండి. తకధిమిలో ‘త’ ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. తకిటలో ఒకసారి కుడికాలు, ఒకసారి ఎడమకాలు. కాళ్లకి అది కొత్త. ఈ రెండూ పట్టుబడితే ఐదు (తక, తకిట), ఏడు (తకిట, తకధిమి) అతికించుకోవడమే. రోజుకి పది నిమిషాలు చాలు. చేతికి ఏదైనా ఇవ్వాలనుకుంటే చిడతలు ఇవ్వండి. పెద్దవాళ్లలా రెండు చెక్కలూ ఒకే చేతిలో ఆడించలేడు కాబట్టి చేతికొకటి ఇచ్చి తాకించమనండి.

నోటితో లయ నేర్చుకోవడం మృదంగం వాయించేవాళ్లకే అనుకోవద్దు. విజయవాడ సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్ర విద్వాంసులు, అయినా మృదంగం, కంజీర కూడా వాయించేవారు.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు. గాత్రం నేర్చుకుంటోంది. సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, బాగానే పాడుతుంది. రెండో కాలానికి రాగానే తాళం తప్పుతుంది. మూడో కాలంలో అయితే చెయ్యి ఎక్కడో ఆగిపోతుంది.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు చెప్పినవి రెండు వేరు వేరు తప్పులు.

రెండో కాలంలో జరిగేది ఇది: పాట వేగం రెట్టింపు కాగానే చెయ్యి కూడా రెట్టింపు వేగంతో నడుస్తుంది. అప్పుడది రెండో కాలం కాదు, తొందరగా పాడిన మొదటి కాలం. చెయ్యి కదలకూడని వేగంలో కదులుతోందని పాపకి తెలియదు, ఎందుకంటే నోరూ చెయ్యీ కలిసే ఉన్నాయిగా! మందు ఏమిటంటే, వారం రోజులు తాళం మీరు వెయ్యండి, పాట తను పాడాలి. ఆది తాళానికి ఒక దెబ్బ, చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్లు, ఆపైన దెబ్బ, విసర్జితం (అరచెయ్యి పైకి తిప్పడం), దెబ్బ, విసర్జితం. మొత్తం 8 అక్షరాలు (తాళం లెక్కలు), ఇవి పూర్తయితే ఒక ఆవర్తనం. సెకనుకో అక్షరం చొప్పున గోడ గడియారం ముల్లు చూస్తూ వెయ్యండి. ఒక ఆవర్తనం మొదటి కాలంలో ‘స రి గ మ’ అని, ఆపకుండా వెంటనే రెండో కాలంలోకి దిగమనండి. మీ చెయ్యి మారకపోవడం తన కళ్లతో చూడాలి. తర్వాత మీ అరచేతి మీద తన చేత దెబ్బ వేయించండి. చివరికి తనంతట తనే.

మూడో కాలంలో చెయ్యి ఆగడానికి కారణం లెక్క. మొదటి వరుసలో ఆరోహణ, అవరోహణ కలిపి 16 స్వరాలు. అవి మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు, రెండో కాలంలో ఒకటి, మూడో కాలంలో సగమే. అంటే ఒక్కసారి పాడి ఆపితే చెయ్యి మధ్య వేలి దగ్గర నిలిచిపోతుంది. మూడో కాలంలో రెండుసార్లు పాడితేనే ఆవర్తనం నిండుతుంది. ఈ మాట పాపకి చెప్పండి, ఏడేళ్ల పిల్లకి ఈ లెక్క బాగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి. నాన్నగారి గొంతుకి కుదిరిందని ఒకటి శృతిలో పాడించకండి (ఇది శృతిపెట్టె మీది అంకె, పెరిగేకొద్దీ శృతి హెచ్చుతుంది). ఈ వయసు ఆడపిల్లలు చాలామందికి ఐదు దగ్గర హాయిగా ఉంటుంది. కింది షడ్జం (స) వినపడకుండా పోతోందంటే శృతి తక్కువైనట్టు, పై షడ్జానికి మెడ నరాలు బిగుస్తుంటే ఎక్కువైనట్టు.

ప్రశ్న: ఒకటో తరగతిలో 30 మంది పిల్లలు. బడ్జెట్ చాలా తక్కువ. ఏ వాద్యాలు కొనాలి?
– ఒక టీచరు, గుంటూరు

జవాబు: ముప్ఫై మందికీ ఒకేసారి వాద్యాలు ఇవ్వకండి. పదిమంది వాయిస్తారు, పదిమంది నోటితో ‘తకధిమి’ అంటారు, పదిమంది నడుస్తారు. నాలుగు నిమిషాలకోసారి జట్లు మారుతాయి. కాబట్టి పది మందికి సరిపడా కొంటే చాలు: నాలుగు జతల చిడతలు, రెండు జతల చిన్న తాళాలు, మిగతా నాలుగూ ఇంట్లో చేసినవి.

అరలీటరు ప్లాస్టిక్ సీసాలో మూడు చెంచాల పెసలు పోస్తే గలగల స్పష్టంగా వస్తుంది. నిండా పోస్తే గింజలు కదలక శబ్దం మూగబోతుంది. మూత బిగించి, దాని చుట్టూ టేపు గట్టిగా చుట్టండి. పెసలు ముక్కులో పెట్టుకునే వయసు ఇది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

తాళాలని తాడు దగ్గరే పట్టించండి. వేళ్లు కంచుని తాకితే మోత చస్తుంది. రెండూ సరిగ్గా ఎదురెదురుగా మూసినట్టు కొడితే మధ్యలో గాలి చిక్కి ‘టప్’ మంటుంది. కొంచెం పక్కకి జరిపి, అంచు అంచుకి తగిలేలా కొట్టిస్తే ‘ఠంగ్’ మని సాగుతుంది. స్లాబు గదిలో ఆ మోత చెవులకి దెబ్బే, కాబట్టి తాళాల వంతు వరండాలో పెట్టుకోండి.

అన్నిటికన్నా ముందు ఆపడం నేర్పండి. మీరు చెయ్యి పైకెత్తగానే చిడతలు ఒళ్లోకి రావాలి. మొదటి రెండు క్లాసులూ దీనికే పోయినా ఫరవాలేదు.

ప్రశ్న: వానాకాలంలో మా అబ్బాయి మృదంగం డబడబమంటోంది. పాడైందా?
– కృష్ణలంక, విజయవాడ

జవాబు: పాడవలేదు. గాలిలో తేమకి చర్మం సాగి శృతి దిగింది. కుడివైపు రాయి, కర్రతో అంచు మీద కొట్టి శృతి చేసే పని గురువుగారికే వదలండి, పిల్లాడు కొడితే దెబ్బ తప్పి చర్మం చిరగవచ్చు. ఎడమవైపు మోత కోసం చర్మానికి అద్దే రవ్వ సంగతి మీరే చూసుకోవచ్చు. రెండు చెంచాల సన్న రవ్వని నీళ్లు చిలకరించి మెత్తని ముద్ద చేసి, తడిపిన చర్మం మధ్యలో మూడంగుళాల మేర అద్దండి. మోత మరీ బరువైతే కొంచెం తీసెయ్యండి. వాయించడం అయ్యాక రవ్వ ఎండకముందే తీసేసి, తడిగుడ్డతో తుడిచి, ఆరాకే సంచి తొడగండి. వదిలేస్తే వానాకాలంలో బూజు పడుతుంది, బొద్దింకలు కొరుకుతాయి.