గర్భసంచి తీసేయాలా, ఉంచి పైకి కట్టించుకోవాలా?

గర్భసంచి జారిందని, ఒక డాక్టరు తీసేద్దామంటే ఇంకొకరు ఉంచి మెష్‌తో (వల లాంటి ప్లాస్టిక్ ముక్కతో) పైకి కడదామంటున్నారని రాశారు. నాకు 56 ఏళ్లప్పుడు సరిగ్గా ఇదే వచ్చింది.

తీసేస్తే పీడా పోతుందనుకున్నాను. తీరా చూస్తే వదులైంది గర్భసంచి కాదట, దాన్ని పట్టి ఉంచే కట్లట. వాటి సంగతి చూడకుండా తీసి ఊరుకుంటే, కొన్నాళ్లకు యోని పైభాగమే కిందికి దిగొచ్చు. మా అక్కకు అదే అయింది. అందుకని ఎవరు ఏ ఆపరేషన్ పేరు చెప్పినా "పైభాగాన్ని దేనికి కడతారండీ?" అని అడగండి.

నాకు కింది నుంచే చేశారు. గర్భసంచి తీసి, పైభాగాన్ని కటిలోని గట్టి లిగమెంటుకు కుట్టి, మూత్రసంచి ఉబ్బుకొచ్చిన యోని ముందుగోడను బిగించారు. సాక్రోస్పైనస్ ఫిక్సేషన్ అంటారు. పొట్ట మీద కోత లేదు, మెష్ లేదు. కానీ కుడి పిరుదులో, లోపలెక్కడో, పోటు! ఐదారు వారాలు ఎడమ పక్కకు ఒరిగే కూర్చున్నాను. ఈ ఆపరేషన్‌లో అది మామూలేనని ముందే చెప్పుంటే అంత టెన్షన్ పడేదాన్ని కాదు.

అక్కకు అలా జారాక లాపరోస్కోపీతో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి, మెష్ పెట్టి, నడుము కింది త్రికాస్థికి కట్టారు. పైభాగం మళ్లీ జారకుండా ఉండటానికి అదే ఎక్కువ గట్టి. మత్తులో ఎక్కువ సేపు ఉండాలి, ఏళ్ల తర్వాత మెష్ లోపల ఒరుసుకుని బయటపడే అవకాశమూ కొంత ఉంటుంది. మెష్ అనగానే భయపడకండి. 2019లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అమ్మకం ఆపించింది, జారుడుకు యోని లోంచి పెట్టే మెష్‌ని. పొట్ట వైపు నుంచి పెట్టేది వేరు. మీ డాక్టరు ఏది అంటున్నారో తేల్చుకోండి.

ఇంకో మాట. ఆపరేషన్ అయ్యాక దగ్గితే నాకు మూత్రం పడటం మొదలైంది. అంతకుముందు జారిన మూత్రసంచి మూత్రనాళాన్ని మడిచి పెట్టడంతో ఆ లోపం బయటపడలేదట. ఉబ్బును పైకి నెట్టి, మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూస్తే ముందే తెలుస్తుంది. చేయమని అడగండి.

పరీక్షకు వీలైతే సాయంత్రం వెళ్లండి, రోజంతా నిలబడి తిరిగాక జారుడు బాగా తెలుస్తుంది. పొద్దున్నే వెళ్లి పడుకుంటే నాకు ఏమంత కనబడలేదు. రెండో డాక్టరు నిలబెట్టి ముక్కమన్నారు, అప్పుడు తెలిసింది ఎంత జారిందో.

మూత్రం ఆగిపోవడం, జారిన చోట పుండు పడి రక్తం రావడం లాంటివి లేకపోతే తొందరేం లేదు. జారింది పైకి ఆగేలా యోనిలో సిలికాన్ రింగు పెట్టించుకుని, నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు. నేను ఏడు నెలలు అలాగే నెట్టుకొచ్చాను.