అమ్మలూ, ఆ ‘నుంచి’ని వదిలెయ్యకు

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఓఈటీకి, అదే వైద్యరంగం వాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు, డబ్బు కట్టేశావని, నెగ్గితే ఇంగ్లండుకు నర్సుగా వెళ్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎదురుపడ్డ వాళ్లందరికీ ఆ కబురు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీ చేతిపని మీద నాకు బెంగ లేదు. పసిపిల్లలకు కూడా ఏడవకుండా సూది వేస్తావు. బెంగంతా నీ ఇంగ్లీషు క్రియల మీదే. సంక్రాంతికి నువ్వు పంపిన సందేశంలో ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అని ఉంది. పండగపూట తిట్టడమెందుకని ఊరుకున్నాను.

వినడం, చదవడం, మాట్లాడటం సాధనతో వస్తాయి. రాయడం దగ్గర జాగ్రత్త. రోగి వివరాల కాగితం ఇస్తారు. చదవడానికి 5 నిమిషాలు, ఉత్తరం రాయడానికి 40 నిమిషాలు. దాదాపు 180 నుంచి 200 మాటలు రాయాలి. ఆ కాగితంలో ఉండేవి తేదీలు, మందుల పేర్లు, తెగిన ముక్కలు. ఏది ఆగిపోయింది, ఏది ఇంకా సాగుతోంది అన్నది క్రియతో చెప్పాల్సింది నువ్వే.

నేను వార్డు సిస్టరుగా ఉన్నప్పుడు పిత్తాశయం ఆపరేషన్ కోసం ఒకామెను వేరే ఊరి నుంచి పంపారు. అంతకుముందు ఆమెకు కాలి రక్తనాళంలో గడ్డ కట్టింది. వెంట వచ్చిన ఉత్తరంలో ‘షి టుక్ వార్ఫరిన్ ఫర్ వన్ ఇయర్’ అని ఉంది. చదివిన వాళ్లంతా ఏడాది వాడి ఆపేసిందనే అనుకున్నారు. మర్నాటి ఆపరేషన్ల జాబితాలో ఆమె పేరు చేరింది. సాయంత్రం కాగితాలు నింపుతూ ‘ఆ మాత్రలు ఎప్పుడు ఆపారు?’ అని ఆమె భర్తను అడిగాను. ‘ఆపడమేమిటమ్మా, ఏడాది నుంచి వేసుకుంటూనే ఉంది. పొద్దున నేనే ఇచ్చాను’ అంటూ జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. నా కాళ్లు వణికాయి. వార్ఫరిన్ రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. అలాంటి ఆపరేషన్‌కు మామూలుగా అయిదు రోజుల ముందే ఆపి, రక్తపరీక్ష చూసుకుని గాని కత్తి పెట్టరు. ఆపరేషన్ వాయిదా వేశారు, ఆమె క్షేమంగా ఇంటికి వెళ్లింది.

ఉత్తరం రాసిన పిల్లకు ఫోను చేసి కోప్పడ్డాను. ఏడ్చింది. ఆ భర్త ఈ పిల్లకూ ‘ఏడాది నుంచి’ అనే చెప్పాడట. విన్నది సరిగ్గానే వింది, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘నుంచి’ జారిపోయింది. దానికి ఎవరు నేర్పారు గనక!

కాబట్టి ముందు తెలుగులో అనుకో. ‘నుంచి వాడుతోంది’ అని మనసులో వస్తే ‘షి హ్యాజ్ బీన్ టేకింగ్’ అని రాయి. ‘వాడి మానేసింది’ అని వస్తే ‘టుక్’ చాలు. ఎంత కాలమో చెప్తే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెప్తే ‘సిన్స్’. మన ‘నుంచి’ రెండు చోట్లా ఒదుగుతుంది గాని ఇంగ్లీషువాళ్లు ఒప్పుకోరు. ఫలానా తేదీన చేరింది అంటే ‘వాజ్ అడ్మిటెడ్’. అక్కడ ‘హ్యాజ్ బీన్’ కుదరదు.

ఇక ‘హ్యాడ్’ అంటే మనవాళ్లకు ఎందుకో తగని మోజు. నిన్న బజారుకు వెళ్లినా ‘ఐ హ్యాడ్ గాన్’ అంటారు. జరిగినవి రెండుండి, ఏది ముందో తెలియాల్సినప్పుడే దాని అవసరం. ‘వెన్ ద డాక్టర్ కేమ్, ద పేషెంట్ స్టాప్డ్ బ్రీతింగ్’ అని రాశావనుకో, డాక్టరును చూసే ఊపిరి ఆగినట్టుంటుంది! అక్కడ ‘హ్యాడ్ స్టాప్డ్’ అని ఉంటే ఆయన వచ్చేసరికే ఆగిపోయిందని తెలుస్తుంది.

డాలస్‌లో ఉన్న మీ అన్న ‘డిడ్ యు ఈట్ యెట్?’ అని అడిగితే అమెరికాలో చెల్లుతుంది. నువ్వు వెళ్లే చోట ‘హ్యావ్ యు ఈటెన్ యెట్?’ అనడమే మామూలు. ఎలా అడిగినా సరే, డ్యూటీల పేరు చెప్పి భోజనం మానకు. నీకు ఆ అలవాటుంది, నాకు తెలుసు.

వారానికో ఉత్తరం రాసి, క్రియల కింద గీతలు గీసి ఫోటో పంపు. బాగుందని పొగిడించుకోవాలంటే మీ అమ్మకు చూపించుకో, నేను ఎర్ర పెన్నుతోనే చూస్తాను. మొదటిది ఆదివారంలోగా రావాలి.

ఇట్లు,
మీ పెద్దమ్మ