నామినీగా నా పేరుంది కదా, ఇంక వీలునామా ఎందుకు?

మీరడిగింది క్లుప్తంగా ఇది కదా: నాన్నగారికి 71, విజయనగరంలో సొంతిల్లు, భోగాపురం వైపు రెండెకరాలు, బ్యాంకులో ఎఫ్‌డీలు, అన్నిటికీ నామినీ మీరే, చెల్లెలికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేసారు, మరి వీలునామా అవసరమా, లేక ఇప్పుడే ఇల్లు గిఫ్ట్ రాయించేసుకుంటే గొడవ వదిలిపోద్దా అని.

నేనూ విజయనగరం వాడినే, ఎల్‌ఐసీ ఏజెంటుగా మొదలెట్టి తర్వాత మ్యూచువల్ ఫండ్లు కూడా చూసి రిటైరయ్యాను. లాయర్ని కాను. కానీ మనిషి పోయాక ఆ ఇంటికెళ్లి కాగితాలు వెతికే పని చాలా ఏళ్లు చేసాను, దానికి ఏజెంటుకి రూపాయి కూడా రాదు లెండి, కమిషనంతా ప్రీమియాలు కట్టినన్నాళ్లే, అందుకే చాలామంది ఏజెంట్లు ఆ టైముకి ఫోనెత్తరు.

మీ ప్రశ్నలో నాకు ముందు కొట్టొచ్చినట్టు కనబడింది ఏటంటే, అమ్మగారి గురించి "అమ్మ నాన్నతోనే ఉంటుంది" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. ఆస్తి లెక్కలో కొడుకున్నాడు, కూతురుంది, ఆవిడ లేదు. నేను చూసిన ఇళ్లలో సగం తగువులకి మొదలు ఇదే. పిల్లలకి ఏం రావాలో ఆలోచించే ముందు నాన్న లేని మర్నాడు అమ్మ చేతిలో ఏం ఉంటుందో చూడండి, అది తేలాకే మిగతావన్నీ.

ఇప్పుడు నామినీ సంగతి. నామినీ అంటే పెళ్లిలో చదివింపులు రాసుకునే మనిషి లాంటోడు, డబ్బు అతని చేతికే వస్తుంది, అతనిది మాత్రం కాదు. బ్యాంకు ఎఫ్‌డీ డబ్బు మీకిచ్చి చేతులు దులుపుకుంటుంది, ఆ తర్వాత అది వారసులందరిదీ. షేర్లూ ఫండ్లూ కూడా అంతే, 2023 డిసెంబర్లో సుప్రీంకోర్టు అదే చెప్పింది. ఇన్సూరెన్స్ ఒక్కటి కొంచెం వేరు, 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే డబ్బు వాళ్లదే అని చట్టంలో రాసారు. ఇంకోటి, 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలు పెట్టొచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. మీ ఒక్కరి పేరే ఎందుకుండాలి చెప్పండి.

వీలునామా లేకపోతే నాన్నగారి స్వార్జితం అమ్మకి, మీకు, చెల్లికి సమానంగా వెళ్తుంది, మీ నానమ్మ బతికుంటే ఆవిడకీ ఒక వాటా. నానమ్మ సంగతి ఎవరికీ గుర్తుండదు, అర్ధాయుష్షుతో పోయిన కుర్రాళ్ల ఇళ్లలో అత్తాకోడళ్ల మధ్య ఎక్కువ గొడవ ఇక్కడే అవుతుంది. ఇక చెల్లికి "పెళ్లప్పుడు ఇచ్చేసాం" అన్న మాట మన ఇళ్లలో చెల్లుతుంది గానీ కోర్టులో చెల్లదు. కట్నం ఇచ్చినా, పసుపు కుంకుమ కింద నోటిమాటగా చూపించినా, వారసురాలు వారసురాలే. భోగాపురం పొలం తాతగారిదైతే అది ఇంకా గట్టి లెక్క: పిత్రార్జితంలో ఆడపిల్లకి సమాన హక్కు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ టైములోనే, 1986 చట్టంతో వచ్చింది, అది అప్పటికి పెళ్లికాని వాళ్లకి, 2005లో దేశం మొత్తానికి పెళ్లితో సంబంధం లేకుండా వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే అని తేల్చేసింది. పిత్రార్జితంలో నాన్నగారు వీలునామా రాయగలిగింది తన వాటా వరకే. చెల్లి మనస్ఫూర్తిగా వదులుకుంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం రాయాలి, వాట్సాప్‌లో "నాకేమీ వద్దు అన్నయ్యా" అంటే సరిపోదు. ఎయిర్‌పోర్టు పనులు మొదలయ్యాక ఆ వైపు సెంటు రేటు ఎక్కడికి పోయిందో మీకు తెలుసు, పదేళ్ల కిందట వద్దన్న వాళ్లు ఇప్పుడూ వద్దంటారని అనుకోకండి, అనక్కర్లేదు కూడా.

గిఫ్ట్ మాత్రం వద్దు. నా మాట కఠినంగా ఉంటే ఏమనుకోకండి. వీలునామా అయితే నాన్నగారు బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైతే ఇల్లు ఆ రోజే మీది, వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మీరు మంచోళ్లే, కానీ రేపు మీకేమన్నా అయితే ఆ ఇల్లు మీ వారసులకి పోతుంది, నాన్నగారు సొంతింట్లో అద్దెకున్నట్టు అవుతారు. తప్పదు అనుకుంటే కనీసం తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి, అప్పుడు 2007 వృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కి వెళ్లి రద్దు చేయించుకునే దారి ఉంటుంది.

అమ్మ సంగతి అంత నొక్కి ఎందుకంటున్నానో చెప్తాను. నెల్లిమర్ల వైపు ఒకావిడ, భర్త జూట్ మిల్లులో చేసి రిటైరైన మనిషి. ఆయన పోయిన తర్వాత వెళ్తే ట్రంకు పెట్టె తెరిచి నా ముందు పెట్టింది. పైన పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, కింద కరెంటు బిల్లులు, ఇంకా కింద రెండు ఎల్‌ఐసీ బాండ్లు, అందులో ఒకటి ఎప్పుడో మెచ్యూరైపోయింది. ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే, ఏటీఎం పిన్ ఎవరికీ తెలీదు, ఫోను ఆయన వేలిముద్రతో లాకు. "అన్నీ ఆయనే చూసుకునేవోరు బావు, నాకేటి తెలుసు" అంది. ఇంట్లో డబ్బుంది, దినం ఖర్చుకి మాత్రం అన్నదమ్ముల దగ్గర చేబదులు. ఆ ఖాతా ఇద్దరి పేర్ల మీద, "ఐదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే రెండోవారు తీసుకోవచ్చు) అని ఉండుంటే మర్నాడే చెక్కు రాసుకునేది. పైసా ఖర్చు లేని సంతకం అది.

వ్యాపారస్తులకి ఇంకో మాట, మీకు పనికిరాకపోయినా చదివేవాళ్లకి పనికొస్తుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన చేత ఎమ్‌డబ్ల్యూపీ యాక్ట్ (వివాహిత స్త్రీల ఆస్తి చట్టం) కింద పాలసీ తీయించాను, 1874 నాటి చట్టం అది, ఆ కింద తీసిన పాలసీ డబ్బు భార్యాపిల్లలదే, భర్త అప్పులోళ్లు ముట్టుకోలేరు. అప్పుడు ఆయన నవ్వాడు, "నేనేటి పారిపోతానా" అని. తర్వాత ఆయన పోయినప్పుడు ప్రోనోట్లు పట్టుకుని వచ్చిన వాళ్లకి ఇల్లూ గోడౌనూ కనబడ్డాయి గానీ ఆ పాలసీ జోలికి ఎవరూ రాలేకపోయారు. పాలసీ తీసుకున్నప్పుడే అలా రాయాలి, తర్వాత మార్చడం కుదరదు.

వీలునామాకి పెద్ద తతంగం ఏమీ లేదండీ. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. నాన్నగారు సంతకం పెట్టాలి, ప్రతి పేజీలో పెడితే మేలు, ఆయన పెడుతుండగా చూసిన సాక్షులు ఇద్దరు సంతకం చెయ్యాలి. సాక్షులు ఆస్తి పొందే వాళ్లు కాకుండా, ఆయనకంటే వయసులో చిన్నవాళ్లైతే మేలు, ఇద్దరూ ఆయన ఈడు వాళ్లే అయితే రేపు కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఎవరుంటారు. వయసు మీద పడింది కాబట్టి డాక్టరు దగ్గర మతి స్థిమితంగా ఉందని ఒక సర్టిఫికెట్ తీసుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే "ఇది మా నాన్న సంతకం కాదు" అనే వాళ్ల నోరు కొంత మూతపడుతుంది. ఇల్లు అమ్మకి పూర్తిగా ఇస్తారా, బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రం ఇచ్చి తర్వాత పిల్లలకి అంటారా అన్నది మాత్రం డాక్యుమెంట్ రైటర్‌తో రాయించకండి. హిందూ వారసత్వ చట్టంలో ఆడవాళ్ల ఆస్తి హక్కు గురించి చెప్పే సెక్షన్ 14 దగ్గర ఒక్క మాట తేడాతో అర్థం మారిపోద్ది, 1977లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన తులశమ్మ కేసు మన ఆంధ్రా నుంచి వెళ్లిందే. లాయరు ఫీజుకి అక్కడ వెనకాడొద్దు.

పాత ఖాతాలేమైనా మర్చిపోయి ఉంటే ఆర్‌బీఐ వాళ్ల ఉద్గమ్ పోర్టల్‌లో నాన్నగారి పేరుతో వెతకండి, పదేళ్లు ముట్టుకోని డిపాజిట్లు అక్కడ కనబడే అవకాశం ఉంది.

ఇంక అసలు కష్టం, ఈ మాట నాన్నగారి ముందు ఎత్తడం. మన వైపు వీలునామా అంటే చాలు "అప్పుడే నా చావు కోరుకుంటున్నారా" అంటారు. సిరిమానుకో సంక్రాంతికో అందరూ వచ్చినప్పుడు, అల్లుడు పక్కనుండగా మాత్రం ఎత్తకండి. చెల్లెల్ని పిలిచి, మీరిద్దరూ కూర్చుని, అమ్మ ముందే అడగండి. ఆయన విసుక్కుంటే ఆ పూటకి వదిలేసి, ముందు బ్యాంకుకి తీసుకెళ్లి ఖాతాలో అమ్మ పేరు చేర్పించండి, దానికి ఎవరూ అలగరు.