ఎవరు లేస్తే వాళ్లతోనే ఆడాలి

ఆటల నుంచి ఉద్యోగంలో పనికొచ్చేది ఏమన్నా నేర్చుకోవచ్చా, టీమ్‌వర్క్, గెలవాలనే పట్టుదల నిజంగా ఆటల వల్ల వస్తాయా అని అడిగారు. వస్తాయండి, నాకు వచ్చాయి. కాకపోతే ఈ మాట ఎత్తగానే అందరూ క్రికెట్ కెప్టెన్ల దగ్గరికి వెళ్లిపోతారు, కూల్‌గా ఉండాలి, ఆఖరి ఓవర్లో సిక్స్ కొట్టాలి అంటారు. నేను మాత్రం కబడ్డీ గురించి చెప్తాను, ఎందుకంటే నేను ఆడింది అదే, పైగా ఉద్యోగానికి కబడ్డీ అంత దగ్గరగా ఉండే ఆట ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

క్రికెట్‌లో అవుటైతే ప్యాడ్లు విప్పేసి కూర్చోవడమే, ఆ ఇన్నింగ్స్‌లో బ్యాటుతో ఇంక పని లేదు. కబడ్డీలో చచ్చినవాళ్లు మళ్లీ లేస్తారు. తమంతట తాము లేవలేరు, కోర్టులో మిగిలినవాళ్లు అవతలి టీమ్‌లో ఒకళ్లని అవుట్ చేస్తే ఇవతల ఒకళ్లు లేస్తారు. పోనీ మనకి కావాల్సినవాళ్లని లేపుకుందామంటే కుదరదు, ఎవరు ముందు అవుటయ్యారో వాళ్లే ముందు రావాలి. చూసేవాళ్లు ఈ రూలు పెద్దగా పట్టించుకోరు, అందరి కళ్లూ తొడగొట్టి కూతకెళ్లే రైడర్ మీదే. నాకు ఉద్యోగంలో పనికొచ్చిందంతా ఈ రూల్లోనే ఉంది.

మాది గుంటూరు. డిగ్రీలో కాలేజీ టీమ్‌కి లెఫ్ట్ కార్నర్ ఆడేదాన్ని, అంటే ఎడమ మూల నిలబడి వచ్చిన రైడర్‌ని పట్టే ప్లేసు. ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్‌లకి పొద్దున్నే విజయవాడ బస్సెక్కి నాగార్జున యూనివర్సిటీ దగ్గర దిగేవాళ్లం. మా కెప్టెన్ మంచి రైడర్, సగం పాయింట్లు ఆవిడవే. ఆ ఏడాది ప్రత్తిపాడు వైపు పల్లెటూరి నుంచి ఒక ఫస్టియర్ పిల్ల చేరింది, బాగా సన్నగా ఉండేది, రైడ్‌కి వెళ్తే కూత కూడా సరిగ్గా వినపడేది కాదు, అంపైర్‌కి కూత వినపడకపోతే రైడే దండగ. ఈ పిల్లని ఏడుగుర్లో ఎందుకు దింపుతున్నారని మావాళ్లు చాలామంది గొణుక్కునేవాళ్లు. ఆటలు నేర్పే మా పీడీ సార్ వినలా. ప్రాక్టీస్ అయిపోయి మేమంతా నీళ్లు తాగుతుంటే ఆ పిల్లని ఆపి టో టచ్, అంటే కాలి వేలితో అవతలివాళ్లని తాకడం, చేయించేవారు, రోజూ అదే, వేరే ఏదీ నేర్పలేదు.

అలాంటి ఒక మ్యాచ్‌లో మొట్టమొదట అవుటైంది ఆ పిల్లే. తర్వాత ఒక్కొక్కళ్లే పోయారు, ఆఖర్న కెప్టెన్ కూడా పోయింది. కోర్టులో నేనూ, కుడి వైపు మూలకి పక్కన నిలబడే మా రైట్ కవరూ ఇద్దరమే మిగిలాం. అప్పటికే వెనకబడి ఉన్నాం, మా ఇద్దర్నీ కూడా అవుట్ చేస్తే లోనా, అంటే వాళ్లకి ఇంకో రెండు పాయింట్లు అదనం, ఇంక మ్యాచ్ వదిలేసుకోవడమే. వాళ్ల పొడుగు రైడర్ వచ్చింది. ఇద్దరే ఉన్నారని ధీమాగా నా మూలకి కాలు చాపింది, నేను చీలమండ పట్టేశాను. పట్టానే గానీ ఒక్కదాన్ని ఆపలేను, నన్ను ఈడ్చుకుంటూ మిడ్‌లైన్ దాకా పోతోంది, ఇంకో అర అడుగు ఉందనగా మా కవర్ పక్కనుంచి వచ్చి భుజంతో గుద్దింది. సూపర్ టాకిల్. ముగ్గురు గానీ అంతకన్నా తక్కువమంది గానీ ఉన్నప్పుడు పడితే ఒక పాయింటు ఎక్కువిస్తారు, కాబట్టి రెండు వచ్చాయి.

పాయింట్లు రెండైనా లేచేది మాత్రం ఒక్కళ్లే. లేచింది ఎవరు? ముందు అవుటైన ఆ ఫస్టియర్ పిల్ల. మావాళ్లలో ఎవరో "అబ్బా, కెప్టెన్ లేస్తే ఎంత బావుండేది" అని గట్టిగానే అన్నారు, ఆ పిల్లకి వినపడింది కూడా. పీడీ సార్‌కి ఎంత కోపం వచ్చిందంటే లైను బయట నుంచే అరిచారు, "ఎవరు లేస్తే వాళ్లతోనే ఆడాలమ్మా! ఆడండి!"

అప్పుడు మా కెప్టెన్ చేసిన పని నేను జన్మలో మర్చిపోను. బయట కూర్చునే ఆ పిల్లని పేరు పెట్టి పిలిచి, "వాళ్ల రైట్ కార్నర్ ప్రతిసారీ ఒక అడుగు ముందుకొస్తోంది, దాని కాలే చూడు, ఇంకేం చూడకు" అని చెప్పింది. అవతల ఆరుగురు ఉన్నారు కాబట్టి బోనస్ లైను కూడా తెరిచే ఉంది, అవతలి కోర్టు వెనక ఉండే ఆ గీత దాటి కాలు పెట్టి తేలిగ్గా ఒక పాయింటు తెచ్చుకోవచ్చు. కానీ బోనస్ వల్ల స్కోరు పెరుగుతుంది తప్ప మనిషి లేవడు. ఆ పిల్ల బోనస్ జోలికి పోలేదు. ఆ కార్నర్ ముందుకి రాగానే బొటనవేలితో దాని పాదం తాకి వెనక్కి దూకేసింది. ఇంకొకళ్లు లేచారు. వాళ్లు ఇంకొకళ్లని లేపారు. కెప్టెన్ వంతు వచ్చేసరికి స్కోరు సమానం. ఆ మ్యాచ్ గెలిచాం. తర్వాత రౌండులో ఓడిపోయాం, అది వేరే సంగతి, అక్కడ అవతలివాళ్లు మాకంటే బాగా ఆడారు.

గెలవాలనే పట్టుదల అంటే నాకు తెలిసింది ఇదే. పళ్లు కొరుక్కుని మనదే గెలుపు అని కేకలేస్తే రాదు, "ఫలానా వాళ్లుంటేనా" అనే మాట నోట్లోంచి రాకుండా ఉన్నవాళ్లతో ఆడేస్తే వస్తుంది. అవుటై కూర్చున్నవాళ్లు కూడా తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఊరుకోకుండా లోపలివాళ్లకి కళ్లు అప్పివ్వాలి.

పెద్ద ఆటల్లోనూ అంతే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఆడవాళ్ల కబడ్డీ జట్టు ఫైనల్లో ఇరాన్ చేతిలో 27-24తో ఓడిపోయి బంగారం పోగొట్టుకుంది. ఆ తర్వాత 2023 అక్టోబర్‌లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చైనీస్ తైపేతో, అంటే తైవాన్‌తో, గ్రూప్ మ్యాచ్ 34-34 డ్రా, మళ్లీ వాళ్లతోనే ఫైనల్ పడితే 26-25తో గెలిచారు, ఆ క్రీడల్లో ఇండియాకి నూరో పతకం అదే. ఒక్క పాయింటు. అదే వారంలో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ, అదితి స్వామి, పర్‌నీత్ కౌర్ ముగ్గురూ ఆర్చరీ టీమ్ ఫైనల్లో మళ్లీ ఆ చైనీస్ తైపేనే 230-229తో ఓడించారు. అక్కడ ఒక్కో ఎండ్‌కి, అంటే ఒక్కో విడతకి, రెండు నిమిషాలే, ఆ రెండు నిమిషాల్లో ముగ్గురూ తలా రెండు చొప్పున ఆరు బాణాలు వెయ్యాలి. ఒకళ్లు ఎక్కువసేపు గురి చూసుకుంటూ నిలబడితే పక్కవాళ్ల టైమ్ తినేసినట్టే. సురేఖ వ్యక్తిగతంగా కూడా అక్కడ బంగారం గెలిచింది, అయినా టీమ్‌లో నిలబడ్డప్పుడు తన వంతు తను వేసి పక్కకి జరగాల్సిందే. మన ఊళ్లో సురేఖ గురించి కాలేజీ పిల్లల్ని అడిగితే సగం మందికి తెలీదు, ఐపీఎల్‌లో ఎవర్ని ఎంతకి కొన్నారో మాత్రం నోటికి చెప్తారు, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

ఇక ఉద్యోగం. నేను మొదట చేసింది విజయవాడలో ఒక సేల్స్ ఆఫీసులో. అక్కడ గోడ మీద నెలనెలా ఒకళ్ల ఫోటో పెట్టేవాళ్లు, ఎక్కువ ఆర్డర్లు తెచ్చినవాళ్లది. ఆ ఆర్డర్లకి బిల్లులు కొట్టిన అమ్మాయి, స్టాకు ఉందో లేదో గోడౌన్‌లో దుమ్ములో వెతికిన కుర్రాడు ఎప్పుడూ ఆ గోడెక్కలేదు. అది రైడర్‌కి చప్పట్లు కొట్టి కార్నర్‌ని మర్చిపోవడం. హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించి హోటల్లో రోజంతా వీడియోలు చూపించి, చేతులు పైకెత్తి నేను విజేతని అని అనిపించారు. ఆ డబ్బుతో బిల్లింగ్‌లో ఇంకో మనిషిని పెట్టుకుంటే ఆఫీసు నిజంగా గెలిచేది.

ఇప్పుడు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలూ, లోపలికొచ్చే సరుకూ చూస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్లో లారీలు రోడ్డు మీద దాకా ఆగి ఉంటాయి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపే ముఠా, కాటా దగ్గర మనిషి, లాట్ నంబర్ వేసేవాళ్లు, రైతుకి సరుకు రసీదు, అదే బాండ్, రాసిచ్చేవాళ్లు, ఇందులో ఒక్కళ్లు ఆగితే అందరూ ఆగినట్టే, ఎండలో నిలబడ్డ రైతు మన మీదే అరుస్తాడు, అరవడంలో తప్పు కూడా లేదు. ఒక సీజన్లో మా కంప్యూటర్ ఆపరేటర్ పెళ్లని ఊరెళ్లాడు. మా మేనేజర్ గారు "వాడుంటే ఈపాటికి అయిపోయేది" అని పొద్దున్నుంచీ అంటూనే ఉన్నారు. నేను కాటా దగ్గరుండే కుర్రాణ్ణి తీసుకొచ్చి కూర్చోబెట్టాను, వాడికి టైపింగ్ నిదానమే, కానీ ఏ లాట్ ఏ చాంబర్లో ఉందో మొత్తం నోటికొచ్చు. పక్కన అకౌంట్స్ అమ్మాయి నిలబడి ఏ బటన్ నొక్కాలో చెప్తూ ఉంది. సాయంత్రానికి లైను కదిలింది.

అప్పటి నుంచి ఖాళీ నెలల్లో ఒకళ్ల పని ఇంకొకళ్లు నేర్చుకోవాలని పట్టుబట్టాను. మొదట్లో గొణిగారు, తన సీటు ఎవరో లాక్కుంటారని భయం. ఇప్పుడు ఎవరన్నా జ్వరం వచ్చి పడుకున్నా ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వెళ్లవు, అది చూశాక గొణుగుడు ఆగింది.

ఇంకోటి, ఆఫీసుల్లో టీమ్ బిల్డింగ్ అని ఆదివారం క్రికెట్ పెడతారు చూడండి, అది మానేయండి. మేనేజర్ ఓపెనింగ్ దిగుతాడు, ఆడవాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటారు. ఖోఖో పెట్టండి, కబడ్డీ పెట్టండి, మేం కూడా దిగుతాం.

మా దగ్గర ఎవర్నన్నా కొత్తగా తీసుకునేటప్పుడు ఓనర్ గారు నన్ను కూడా కూర్చోమంటారు, నేను మార్కులకన్నా ముందు ఏ ఆట ఆడావని అడుగుతాను. వాలీబాల్ అంటే ఏ ప్లేసులో అని అడుగుతాను. లిబరో అయితే నాకు ఇంకో ప్రశ్న అక్కర్లేదు, స్మాష్ కొట్టే అవకాశమే లేకుండా మ్యాచంతా నేల మీద పడి పక్కవాళ్ల కోసం బంతి లేపినవాళ్లు సీజన్లో ఎలా పనిచేస్తారో నాకు తెలుసు.